మా ముఠా తాడు పట్టిన సార్వా

మా వరి ఊడ్పుల ముఠాలో ఇరవై రెండు మంది ఆడవాళ్ళం. అందరికంటే వెనక చేరినదాన్ని నేను. బీకాం చదివి, అమలాపురంలో ఒక బట్టల కొట్లో ఆరేళ్ళు బిల్లింగు కౌంటర్లో కూర్చున్నాను. కరోనాలో ఆ పని పోయింది. ఊరొచ్చి ఖాళీగా కూర్చుంటే అమ్మ ఊరుకునే మనిషి కాదు. "నాలుగ్రోజులు ఊడ్పులకి రా, నడుం అదే అలవాటు పడుద్ది" అంది. మూడేళ్ళయింది, నడుం ఇంకా అలవాటు పడలేదు. ముఠా లెక్క పుస్తకం మాత్రం నా చేతికొచ్చింది.

అంతకు ముందు ఆ లెక్కంతా మా మేస్త్రి పెద్దమ్మ నోట్లోనే ఉండేది. ఎవరి చేను ఎన్నెకరాలు, చేనున్న ఏ ఆసామి ఎంత బాకీ, ఏ రోజు ఎవరు రాలేదు, అన్నీ. ఆవిడ తప్పు చెప్పగా నేను వినలేదు. అయినా కొట్లో పనిచేసిన చెయ్యి ఊరుకోదు కదా, రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని గీతలు గీశాను.

ఊడ్పులు మా దగ్గర గుత్తకే. ఆకుమడిలో ఆకు తీసి, కట్టలు కట్టి, చేలో నాటేదాకా ఎకరానికి ఇంత అని. 2022 సార్వాలో, అంటే ఖరీఫ్ పంటలో, మాకు ఎకరానికి 4,500 రూపాయలు వచ్చింది. కట్టలు మోసే మగవాళ్ళకి ఆసామి విడిగా ఇస్తాడు, అప్పట్లో రోజుకి ఏడొందలు. మాకంటే వాళ్ళకెందుకు ఎక్కువో, 1976 నాటి సమాన వేతన చట్టం ఏం చెప్పిందో తర్వాత చదివాను. ఆ పేచీ ఇంకా మొదలెట్టలేదు. మోసేవాళ్ళు మా మొగుళ్ళూ తమ్ముళ్ళే మరి.

పుస్తకం పెట్టిన రెండో ఏడు ఒక సంగతి కళ్ళబడింది. పుంత, అంటే బండ్లబాట, పక్కనున్న చేనుని ఊళ్ళో అందరూ నాలుగెకరాల చేను అంటారు. కాలువ కింద ఇంకొకాయనది కూడా నాలుగెకరాలే. కాలువ కింద చేలో రెండో రోజు మూడింటికల్లా గట్టెక్కి కాళ్ళు కడుక్కుంటాం. పుంత చేలో మాత్రం రెండో రోజు చీకటి పడి, మొక్క కనపడక వేళ్ళతో తడుముకుంటూ నాటిన సందర్భాలున్నాయి. రెండు సార్వాలు, రెండు దాళ్వాలు (రబీ పంటలు), నాలుగుసార్లూ అంతే. నాలుగెకరాలకి 18,000, మనుషులు రెండు రోజులకి నలభై నాలుగు. తలకి 409 రూపాయలు. కాలువ కింద చేలో అదే డబ్బుకి ఒక పూట మిగిలేది.

అమ్మనడిగితే "ఆ సేను ఎప్పుడూ సాగుద్దే" అంది, అదేదో ఆ చేను గుణం అయినట్టు.

వేసవిలో ఉపాధి హామీ పనికి వెళ్తాం. 2023లో రోజు కూలి 272 రూపాయలు. కానీ చేతికొచ్చేది కొలత ప్రకారం. టెక్నికల్ అసిస్టెంటు వచ్చి మేం తవ్విన దాని పొడుగు, వెడల్పు, లోతు టేపు పెట్టి చూస్తాడు, తగ్గితే డబ్బులూ తగ్గుతాయి. మే నెలలో ఒక బోదె పూడిక తీస్తున్నాం. ఆయన టేపు చుట్టుకుంటుంటే మా ముఠాలో ఒక వదిన, అందరిలోకీ నోరు లేని మనిషి, పలుగు మీద గడ్డం ఆనించి అంది: "మనం తవ్విందాన్ని అంగుళాల్లెక్కన కొలుత్తారు. మనం ఊడ్సిందాన్ని మాత్రం నోటితో కొలుత్తారు."

ఆ రాత్రి ఇంట్లో ఈ మాట చెబితే మంచం మీంచి మామ్మ లేచి కూర్చుంది.

మామ్మకి ఎనభై దాటాయి. తాతయ్య ఒకే కామందు దగ్గర పాలేరుగా పుట్టి పాలేరుగా పోయాడు. జీతం ఏడాదికి పన్నెండు బస్తాల ధాన్యం, పండక్కి బట్టలు. మామ్మ కోతలకి వెళ్ళేది. కోతకూలి అప్పట్లో ధాన్యమే, కళ్ళంలోనే కుంచంతో కొలిచి పోసేవారు. కుంచానికి నాలుగు మానికలు పట్టాలి. "ఆరికి రెండు కుంచాలుండేయి" అంటుంది మామ్మ. కౌలుదారు దగ్గర పుచ్చుకునేటప్పుడు ఒకటి, మాకు ఇచ్చేటప్పుడు ఇంకోటి. ఇచ్చే కుంచానికి అడుగు లోపలికి ఒత్తేసి ఉండేదట. బయటినుంచి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా ఉండేవి. పుచ్చుకునేటప్పుడు పైన గోపురంలా పోయించి, ఇచ్చేటప్పుడు చేత్తో అంచుకి గీసేసేవారు. మామ్మ ఒకరోజు కూలి గింజలు ఒడిలో ఇంటికి తెచ్చుకుని మానికతో కొలిస్తే మూడున్నరే వచ్చాయి. తవ్వ, అంటే అర మానిక, తగ్గింది. పక్కింటావిణ్ణి పిలిచి కొలిపించింది. ఆవిడకీ అంతే.

దివిసీమ ఉప్పెనకి నాలుగైదేళ్ళ ముందు సంగతి ఇది. అంటే 1972, 73 ప్రాంతం. తూనికలు కొలతల చట్టం 1956లోనే వచ్చి ఊళ్ళో కొట్లలో కిలోలూ లీటర్లూ నడుస్తున్నాయి, మా కళ్ళాల్లోకి మాత్రం రాలేదు. ఎర్రజెండా వాళ్ళు పేటలోకి వచ్చి సంఘం పెట్టారు. కోతలు మొదలయ్యాక నాలుగు రోజులు ఎవరూ కొడవలి పట్టలేదు. కార్తీకమాసం, సముద్రం వైపు మబ్బు. పండిన చేను మీద వాన పడితే ఏమవుతుందో రెండు వైపులా తెలుసు. అయిదో రోజు ముద్ర వేసిన కుంచం ఒకటి తెచ్చి రామాలయం అరుగు మీద పెట్టారు. ఇచ్చినా పుచ్చుకున్నా దాంతోనే. "రేటు ఒక్క గింజ పెంచలేదు. తవ్వే తెచ్చుకున్నాం" అని మామ్మ వేళ్ళు చూపించింది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు మీభూమి వెబ్‌సైట్లో చూశాను. సర్వే నంబరు తెలిస్తే ఎవరైనా చూసుకోవచ్చు. పుంత చేను రెండు సబ్‌డివిజన్లలో ఉంది, రెండూ కలిపితే 4 ఎకరాల 41 సెంట్లు. కాగితం మీదే నలభై ఒక్క సెంటు ఎక్కువ! ఆ పైన పుంత గట్టు ఏటా ఓ జానెడు చేలో కలిసిపోవడం మా కళ్ళముందు జరిగేదే. ఫోన్లో పొలం కొలిచే యాప్ ఒకటి వేసుకుని గట్ల మీద తిరిగాను. మొదటిసారి 5 ఎకరాల 2 సెంట్లు చూపించింది, రెండోసారి 4 ఎకరాల 30. చుట్టూ కొబ్బరిచెట్లు, ఫోను ఎక్కడుందో ఫోనుకే తెలియట్లేదు. అది పట్టుకుని ఆసామి దగ్గరికెళితే నవ్వి పంపించేవాడు.

దారి చూపించింది మా చర్చి పెద్దల్లో ఒకాయన. వయసులో ఉండగా సర్వేయర్ల వెంట గొలుసు లాగిన మనిషి. "గొలుసంటే అరవై ఆరడుగులమ్మా. గొలుసు పొడుగు, గొలుసు వెడల్పు ఉంటే పది సెంట్లు. అలాంటి గళ్ళు పది ఉంటే ఎకరం. దీనికి ఫోనెందుకు?" అన్నాడు. అరవై ఆరుని అరవై ఆరుతో హెచ్చవేసి, సెంటుకి 435.6 చదరపు అడుగులు చొప్పున భాగించి చూసుకున్నాను. అచ్చం పదే. బీకాంలో ఇలాంటివి ఎవరూ చెప్పలేదు.

నైలాను తాడు కొన్నాం. ఇనప టేపుతో అరవై ఆరడుగులు కొలిచి రెండు కొసలా ముడేసి, మధ్యలో ముప్ఫై మూడు దగ్గర ఎర్ర గుడ్డపీలిక కట్టాను. జూన్‌లో కాలువలకి నీళ్ళు రాకముందే, చేలు ఎండి నెర్రెలు విచ్చి ఉండగానే, తెల్లారగట్ట నేనూ నోరు లేని వదినా గేదెల్ని తోలుకెళ్ళే నెపంతో వెళ్ళాం. ఆవిడ ముందు కొస, నేను వెనక కొస. ముడి పడ్డచోటల్లా కొబ్బరిపుల్ల గుచ్చడం, లెక్కపెట్టుకోవడం. పొడుగు ఏడు తాళ్ళు, వెడల్పు ఆరున్నర. ఏడు ఆరున్నరలు నలభై అయిదున్నర. అంటే 4 ఎకరాల 55 సెంట్లు. వదిన గట్టు మీద కూర్చుండిపోయింది. "ఎన్నేళ్ళ నుంచి?" అంది. తను ఈ చేలో పందొమ్మిదేళ్ళుగా నాటుతోంది. ఏడాదికి రెండు పంటలు.

ఎకరం 4,500 చొప్పున యాభై అయిదు సెంట్లకి 2,475 రూపాయలు. ఒక్క ఊడ్పుకి.

ఇక్కడ నేను తెలివి చూపించబోయి ఒక వారం పోగొట్టాను. కనీస వేతనాల చట్టం ఉంది కదా అని కార్మిక శాఖ ఆఫీసుకెళ్ళాను. ఏ ఊళ్ళోదో అనవసరం. మూడోసారికి అధికారి దొరికారు. మర్యాదగానే మాట్లాడారు, కూర్చోమన్నారు కూడా. "యజమాని ఎవరమ్మా? ఆసామా, కౌలు రైతా, మీ మేస్త్రా? హాజరు పట్టీ ఉందా? గుత్త అన్నారు, రాత ఉందా? గుత్తకి కనీస వేతనం ఏమని లెక్కగట్టను?" నా దగ్గరున్నది లాంగ్ నోట్‌బుక్. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "చక్కగా రాశావు" అని తిరిగిచ్చేశారు.

వచ్చేటప్పుడు బస్సులో ఏడుపొచ్చింది. వ్యవసాయ కార్మిక సంఘంలో కుర్రతనం నుంచీ తిరిగిన రిటైర్డు మాస్టారు ఒకాయన పక్క ఊళ్ళో ఉన్నారు, ఆయన ఇంటి దగ్గర దిగిపోయాను. మాస్టారు అంతా విని అప్పటికి అమల్లో ఉన్న 1948 కనీస వేతనాల చట్టం తీశారు. గుత్త పనికి విడిగా రేటు ఖరారు కాకపోతే రోజు లెక్కన ఉన్న కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలని దాని పదిహేడో సెక్షన్‌లో ఉండేది. ఇరవయ్యో సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టుకునే వీలుండేది, బకాయికి పది రెట్ల దాకా పరిహారం వేసే వీలూ ఉండేది. "అన్నీ ఉన్నాయి. కానీ నీ గొడవ కనీస వేతనంది కాదు. నీది కొలత గొడవ. దానికి చట్టంలో సెక్షన్ లేదు" అన్నారు.

ఆయన చెప్పడం మొదలెడితే ఆగరు. టీ రెండుసార్లు వచ్చింది. పొలం కూలీలకి కూడా ఫ్యాక్టరీ కార్మికుల్లాగే సంఘం పెట్టుకునే హక్కు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే ఒప్పందం చేసిందట, బ్రిటిష్ ఇండియా దాన్ని 1923లో ఆమోదించిందట. వేళ్ళ మీద లెక్కేసుకుంటే సరిగ్గా వందేళ్ళు. ఎన్.జి. రంగా గారు 1928లో ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘం పెట్టారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టింది, దానికి స్వామి సహజానంద అధ్యక్షుడు, రంగా గారు ప్రధాన కార్యదర్శి. మరి చేను లేని వాడు రైతా కాదా? మాస్టారు ఈ ప్రశ్న దగ్గర కుర్చీలో ముందుకి జరిగారు. పన్నులు తగ్గించమన్నా, అప్పులు మాఫీ చెయ్యమన్నా రైతూ కూలీ ఒక గొంతుతో అరవొచ్చు. కూలి పెంచమంటే మాత్రం ఒకడు అడిగేవాడు, ఒకడు ఇచ్చేవాడు. ఈ తేడా ముందుగా పట్టుకున్నవాళ్ళలో పుచ్చలపల్లి సుందరయ్య గారు ఒకరు. భూములున్న ఇంట్లో పుట్టి, నెల్లూరు జిల్లాలో తన సొంత ఊరు అలగానిపాడులోనే 1930ల్లో కూలీలని కూడగట్టారు. దేశం మొత్తానికి కూలీల సంఘాలు విడిగా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. భారతీయ ఖేత్ మజ్దూర్ యూనియన్ 1968లో పంజాబ్‌లోని మోగాలో పుట్టింది. అఖిల భారత వ్యవసాయ కార్మిక సంఘం 1982లో వచ్చింది.

నాకు ఆ తేదీలకంటే ఆయన చివర్న అన్న మాట పనికొచ్చింది. "మీ ముఠా ఒక్కటే ఆగితే పక్క ఊరి ముఠా వచ్చి నాటేస్తుంది. ఆసామితో మాట్లాడకముందు వాళ్ళతో మాట్లాడు."

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో కూర్చున్నాం. అందరూ వెంటనే సై అన్నారని రాస్తే అబద్ధం. "ఉన్న పని పోద్ది" అన్నవాళ్ళే ఎక్కువ. కోతలు ఎప్పుడో మిషన్లకి పోయాయి. మిగిలింది ఊడ్పులూ కలుపూ. వాటికీ రెండు మూడేళ్ళుగా బెంగాల్ నుంచి మగ ముఠాలు దిగుతున్నాయి. ఒకామె గరగపర్రు పేరు ఎత్తింది. 2017లో పశ్చిమ గోదావరిలో ఆ ఊళ్ళో అంబేద్కర్ విగ్రహం గొడవలో దళితుల్ని పనికి పిలవకుండా వెలేసిన సంగతి మా పేటల్లో ఎవరూ మర్చిపోలేదు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా చిన్నత్త అందుకుంది: "ఆసాములు మానేత్తే ఎవరూ ఏమనరు కదా!" అది 2011 మాట. గిట్టుబాటు లేదని కోనసీమ రైతులు సార్వా నాటకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. పేపర్లన్నీ రాశాయి, కమిటీ కూడా వేశారు. రైతులకి నిజంగానే గిట్టలేదు, డ్రైన్లు పూడిపోయి చేలు మునిగేవి, నేను కాదనను. కానీ నాటని చేలో మాకు పనుండదని ఎవరికీ తోచలేదు. చిన్నత్త ఆ ఏడే కువైట్ వెళ్ళింది, ఇంట్లో పని చెయ్యడానికి.

చివరికి రెండు మాటల మీద నిలబడ్డాం. ఎకరం 5,000. అనుమానం ఉన్న ప్రతి చేనూ తాడుతో కొలవాలి. రేటు సంగతి పేటలో అందరికీ అర్థమైంది. తాడు దగ్గర మాత్రం మగవాళ్ళు నవ్వారు. "సెంట్ల కోసం పేచీయా!" అని. మామ్మ కుంచం సంగతి చెప్పాల్సొచ్చింది, మళ్ళీ మళ్ళీ.

పక్క రెండు ఊళ్ళకీ పెద్దమ్మా నేనూ నాలుగు రాత్రులు తిరిగాం. ఒక ముఠా వెంటనే ఒప్పుకుంది. రెండో ముఠా మేస్త్రి, "మా ఊళ్ళో కూడా ఒక అయిదెకరాల సేను ఉందమ్మా, అదీ సాగుద్ది" అని కిసుక్కున నవ్వింది. ప్రతి ఊళ్ళోనూ సాగే చేను ఒకటి ఉంటుందన్నమాట! బెంగాల్ ముఠా ఒకటి లాకుల దగ్గర రేకుల షెడ్డులో దిగింది. నాకొచ్చిన కొట్టు హిందీతో మాట్లాడాను. ఎకరానికి 4,200 అన్నారు, అందులో తీసుకొచ్చిన దళారీ వాటా పోను ఎంత మిగులుతుందో వాళ్ళకే సరిగ్గా తెలియదు. మీరు మా ఊరు రావద్దని నేను అడగలేదు. అడిగే మొహం లేకపోయింది, మా అన్నయ్య కూడా బెంగళూరులో అలాంటి షెడ్డులోనే ఉంటాడు. మా మూడు ఊళ్ళూ ఆగి ఉన్నాయని మాత్రం చెప్పాను. వాళ్ళు వేరే మండలం వైపు వెళ్ళారు, మా కోసమో, అక్కడ పని ముందు దొరికిందో తెలియదు.

మా దగ్గర ఎక్కువమంది వేసేది స్వర్ణ, మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన రకం. ఆకు పాతిక నుంచి ముప్ఫై రోజుల్లో నాటాలి. ముదిరితే దుబ్బు చెయ్యదు, గింజ తగ్గుతుంది. మామ్మ వాళ్ళకి మబ్బు ఉన్నట్టు మాకు ఆకు వయసు. జూలైలో, ఆకుకి ఇరవై ఆరో రోజున ఆగాం. దమ్ము చేసిన చేలు అద్దాల్లా మెరుస్తున్నాయి, ఎవరూ దిగట్లేదు. మొదటి రోజు బాగానే ఉంది, పిల్లలకి తలంట్లు పోసుకున్నాం. రెండో రోజు ఇళ్ళల్లో గొడవలు మొదలయ్యాయి. ట్రాక్టరు తోలే ఆయన పెళ్ళాం ఒకామె, ఆసామి ఫోను చేసి మొగుడి పని తీసేస్తానన్నాడని, ఏడుస్తూ ముఠాలోంచి తప్పుకుంది. ఇప్పటికీ నాతో మాట్లాడదు. ఆమెది తప్పని నేను అనను.

మూడో రోజు సాయంత్రం రైతు భరోసా కేంద్రం వరండాలో కూర్చోమని కబురొచ్చింది. వాళ్ళు ఆరుగురు, మేం నలుగురం. మాస్టారు వెనక బల్ల మీద నోరు మెదపకుండా కూర్చున్నారు. మామ్మ రోజుల్లో అయితే మమ్మల్ని కింద నిలబెట్టి "ఏమే" అనేవారు. ఇప్పుడు కుర్చీలు వేసి "ఏమ్మా" అంటున్నారు. "ఏమ్మా, చదువుకున్నదానివి, నువ్వే ఇలా చేస్తే ఎలా?" అని మొదలెట్టారు ఒకాయన.

రేటు మీద గంటసేపు నడిచింది. ఎరువు కట్టల ధరలు, డీజిలు, ధాన్యం తేమ పేరుతో మిల్లులో కోతలు, అన్నీ చెప్పారు. అవన్నీ నిజాలే. నాలుగు వేల ఎనిమిదొందల దగ్గర ఇద్దరం ఆగాం. అప్పుడు పెద్దమ్మ తాడు మాట తీసింది. వరండా ఒక్కసారి గోలయింది. తాతల నాటి నుంచి నాలుగెకరాలని పిలుస్తున్న చేను, ఇప్పుడు మీరొచ్చి కొలుస్తారా అని. నేను అంకె ఇంకా బయటపెట్టలేదు, పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాను.

పుంత చేను సాగు చేసేది కామందు కాదు. కామందు హైదరాబాదులో ఉంటాడు. చేసేది మా ఊరి కౌలు బాబాయి, అందరం అలాగే పిలుస్తాం. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలల కార్డు ఇస్తారు, కానీ దానికి భూమి యజమాని సంతకం కావాలి. హైదరాబాదు నుంచి ఆ సంతకం రాలేదు. కాబట్టి బ్యాంకు అప్పూ లేదు, పంట పోతే పరిహారమూ లేదు. ఆయన అప్పటిదాకా తల దించుకుని ఉన్నవాడు ఒక్కసారి పేలిపోయాడు. "నా మీద పడితే ఏమొత్తాదమ్మా! ఎకరానికి ఇరవై ఎనిమిది బస్తాలు. ఆయన ఫోన్లో నాలుగు యాభై అయిదుకి లెక్కగట్టి మరీ నూట ఇరవై ఏడు బస్తాలు పుచ్చుకుంటున్నాడు. నాకేం మిగులుద్ది?"

వరండాలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడింది.

నేను పుస్తకం తెరిచి ఆ పేజీ బల్ల మీద పెట్టాను. జూన్ తారీఖు, ఏడు, ఆరున్నర, 4.55. పెద్దమ్మ దాన్ని చూడను కూడా చూడలేదు. "మరైతే ఎకరం ఎంతో ఆరికి తెలుసన్నమాటండి" అంది, మామూలు గొంతుతో.

బాబాయి మొహం చూళ్ళేకపోయాను. ఆయనని పట్టించడం మా ఉద్దేశం కాదు. రెండు కుంచాల సంగతిలో ఆయన కూడా మా వైపే. పుచ్చుకునే కుంచం ఆయన మీద, ఇచ్చే కుంచం మా మీద. అయినా ఆ సాయంత్రం ఇరుక్కున్నది ఆయనే. ఆ తేడా డబ్బు కౌలులో తగ్గించమని కామందుని అడుగుతానన్నాడు. అడిగాడో లేదో, వాళ్ళు తగ్గించలేదు.

నాలుగో రోజు పొద్దున్నే చేలో దిగాం. ఎకరం 4,800, తాడు కొలత. పుంత చేనుకి 21,840 రూపాయలు వచ్చింది. తలకి 496. ఆ రోజు కూడా చీకటి పడింది. నోరు లేని వదిన చివరి మడిలోంచి లేస్తూ, "ఇయ్యాళ సాగలేదు" అంది.

అన్నీ కలిసిరాలేదు. పదకొండెకరాల ఆసామి ఒకాయన ఆ దాళ్వాకే ఊడ్పు మానేసి వెదజల్లించేశాడు. మా గొడవ వల్లే అంటారు కొందరు, అంతకు ముందు నుంచే అనుకుంటున్నాడు అంటారు కొందరు. మాకు మాత్రం మనిషికి 2,400 రూపాయల పని పోయింది.

ఇంకో తగువు మేం ఊహించని వైపు నుంచి వచ్చింది. పక్క పేటలో ఒక ముసలావిడకి ఎకరం చేను. మొగుడు పోయాక దాన్ని పట్టుకునే పిల్లల్ని పెంచింది. వరసలో ఆవిడ చేనూ కొలిచాం. తొంభై రెండు సెంట్లే వచ్చింది. ఇన్నేళ్ళూ నిండెకరం డబ్బు తీసుకున్నామన్నమాట. గట్టు మీదే వాదన. "ఆవిడకేం తెలుసు, వదిలెయ్" అన్నారు ఇద్దరు. పెద్దమ్మ "తాడు తాడే" అని, 4,416 చాలు అని చెప్పి పంపించింది. ముసలావిడ సంతోషిస్తుందనుకున్నాం. తిట్టిపోసింది! "నా ఎకరం ఎకరం కాదంటావా? మా మావ నా పెళ్ళికి రాసిచ్చిన ఎకరం!" తాడు మళ్ళీ పట్టించింది, ఒక కొస తనే పట్టుకుంది. అదే లెక్క వచ్చింది. అయినా ఒప్పుకోలేదు, 4,800 లెక్కపెట్టి పెద్దమ్మ కొంగులో కట్టి వెళ్ళిపోయింది. ఆ 384 రూపాయలు నా పుస్తకంలో ఇంకా బాకీ కిందే ఉన్నాయి.

ఈ దాళ్వాకి ముందు తాడు చర్చి బీరువాలోంచి తీశాం. మూడు పంటలు బురదలో నాని, ఎండలో ఎండి, చేత్తో పట్టుకుంటే గట్టిగా, బిరుసుగా ఉంది. ఎందుకో అనుమానమొచ్చి ఇనప టేపు పెట్టాను. అరవై అయిదడుగుల నాలుగంగుళాలు. మళ్ళీ లాగి పట్టుకుని చూశాను, అంతే. ఎనిమిదంగుళాలు కుదించుకుపోయింది. తాడు పొట్టిదైతే చేను పెద్దదవుతుంది. ఎకరానికి రెండు సెంట్లు మా వైపు.

"ఎవరు సూత్తారే, ఉండనీ" అంది చిన్నత్త. "పందొమ్మిదేళ్ళు తిన్నారు కదా ఆళ్ళు" అంది ఇంకొకామె. పెద్దమ్మ నా వైపు చూసింది, నేను పుస్తకం వైపు.

ఇంటికెళ్ళి మామ్మకి చెప్పాను. "ఎంత తగ్గిందీ?" అంది. ఎనిమిదంగుళాలు అన్నాను. మామ్మ జానెడు చాపి, అందులో ఒక వేలు మేర తగ్గించి చూసుకుంది. ఏమీ అనలేదు, గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ముఠా డబ్బుల్లోంచి కొత్త తాడు కొన్నాం. పుస్తకంలో రాశాను: తాడు మార్పు, 140 రూపాయలు. పాతదాంతో అమ్మ గేదెని కట్టేసింది.